ఎడమ కాళ్ల పాయ

హన్మకొండలో మటన్ దుకాణం ముందు మేక కాళ్లు కాలుస్తుంటే, ఆ మాడిన వెంట్రుకల వాసనకు నా ఎడమ తొంటి ఇప్పటికీ సలుపుతుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నర్సంపేటలో పత్తి ట్రాక్టర్ మీంచి పడి ఆ తొంటి విరిగింది. ఆపరేషన్ చేస్తే ఎముక అతికింది కానీ, కొన్ని నెలలకు నొప్పి మళ్లీ మొదలైంది. దవాఖానలో డాక్టర్ ఎక్స్‌రే చూసి, "అతుకు మంచిగనే ఉన్నదమ్మా. కానీ పడ్డప్పుడే రక్తనాళాలు దెబ్బతిన్నయి. రక్తమందక తొంటి ఎముక సచ్చిపోతాంది" అన్నాడు.

అమ్మ తిరిగొస్తూ మటన్ దుకాణం దగ్గర ఆగి, "ఎడమ కాళ్లే ఏరియ్యి అన్నా. మా పిల్లది ఎడమ తొంటి" అంది. అతను నవ్వకుండా ఏరి ఇచ్చాడు.

ప్రతి ఆదివారం ఆ కాళ్లతో కాచిన పాయ తాగేదాన్ని. మేక బలమంతా నా కాల్లోకి దిగుతోందని గిన్నె అడుగు కూడా నాకేదాన్ని. లోపల ఎముక మాత్రం అణిగిపోయింది. కాలు పొట్టిదైంది.

డాక్టర్ మాట అమ్మకు అర్థం కాలేదనుకునేదాన్ని. నా ఎడమ కాలికి ఎత్తు మడమ చెప్పు కుట్టించుకొని వస్తున్న రోజు, ఆమె మళ్లీ ఆ దుకాణం దగ్గరే ఆగింది.

"ఎడమ కాళ్లేనా చెల్లె?" అన్నాడతను.

అమ్మ నా చెప్పు వైపు చూసింది.

"ఏవైనా ఇయ్యన్నా."