వైరక్క అడిగిన మొదటి ప్రశ్న

మా వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలియదు. భుజానికి ఎప్పుడూ తీగచుట్ట వేలాడుతుంది కాబట్టి వైరక్క. మొదట టెలిఫోన్ లైన్లు బాగుచేసేది, తరవాత కేబుల్ టీవీ, ఇప్పుడు ఇంటర్నెట్. ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల ఆవిడ ఎక్కని స్తంభం లేదు.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివాళ్లు ఒక పాత మానిటర్ ఇచ్చారు. పాదానికి పట్టీ కడితే పాప రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో, గుండె ఎలా కొట్టుకుంటోందో వైఫై మీదుగా వార్డుకు తెలుస్తుంది. పది రోజులు బాగానే తెలిసింది. పదకొండోరోజు పొద్దున ఆగిపోయింది. మధ్యాహ్నం నర్సు ఫోన్ చేసి, "నాలుగింటిలోపు రీడింగులు రాకపోతే పాపని తీసుకొచ్చేయండమ్మా. మళ్లీ చేర్చుకోవాల్సిందే" అంది.

నేను ఫిజిక్స్ చదివినదాన్ని. మానిటర్‌ను తొమ్మిదిసార్లు ఆపి, మళ్లీ ఆన్ చేశాను. ఏ నిమిషానికి ఏం జరిగిందో పట్టిక గీశాను. అత్తయ్య తొంగిచూసి, "బాగుందమ్మా. దానికే చూపించు, సిగ్గుపడి పనిచేస్తుందేమో" అని, తనే వైరక్కకు ఫోన్ చేసింది.

రెండున్నరకు వచ్చింది. చేతులు కడుక్కుని, ఉయ్యాలవైపు ఒకసారి చూసింది. ఏం పాడైందని అడగలేదు.

"ఏం మార్చారు?" అంది.

"ఏమీ మార్చలేదక్కా."

"పొద్దున కొత్త రూటర్ పెట్టావుగా!" అంది అత్తయ్య.

"అది మార్చడం కాదత్తయ్యా, మెరుగుపరచడం. నా ఫోనూ ల్యాప్‌టాపూ శుభ్రంగా పనిచేస్తున్నాయి."

వైరక్క సంచిలోంచి అద్దం పగిలిన పాత ఫోన్ తీసింది. మా వైఫై పాస్‌వర్డ్ కొట్టింది. తీసుకోలేదు. మళ్లీ కొట్టింది. ఊహూఁ.

"చూశావా అమ్మాయ్, మీ మిషన్‌కి జబ్బేం లేదు. నా ఫోనూ దాని ఈడుదే. మీ కొత్త డబ్బా ఇద్దర్నీ గుమ్మం బయటే నిలబెడుతోంది. సెక్యూరిటీ ఏం పెట్టావ్?"

"పసిపిల్ల ఉన్న ఇల్లు కదా అని, అన్నిటికంటే గట్టిది."

"గట్టిదే. ఎంత గట్టిదంటే, పిల్లకి కాపలా ఉన్నదాన్నే రానివ్వట్లేదు."

అత్తయ్య నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. ఆ మానిటర్ తయారయ్యేనాటికి ఈ కొత్త సెక్యూరిటీ పద్ధతి పుట్టనేలేదు. పాత రూటర్ మళ్లీ పెడదామంటే, కొత్తది కొన్నప్పుడే షాపులో ఇచ్చేశాను.

"పోనీలే. పాతవాటికి వేరే తలుపు పెడదాం" అని వైరక్క నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మా వైఫై జోలికి పోకుండా, అదే రూటర్లో రెండో పేరుతో ఇంకొకటి తయారుచేసింది. దానికి పాత పద్ధతి సెక్యూరిటీ పెట్టింది. మానిటర్‌ను దానికి కలిపింది. ఎర్రదీపం రెండుసార్లు మిణుకుమని పచ్చబడింది.

మూడుంబావుకి నర్సు ఫోన్. "వస్తున్నాయమ్మా. అన్నీ బాగున్నాయి. తీసుకురానక్కర్లేదు."

నేను వైరక్క చెయ్యి పట్టుకున్నాను, కళ్లనిండా నీళ్లతో.

"ఏడుపు తరవాత. ముందు ఈ పాస్‌వర్డ్ రాసుకో, మర్చిపోతావ్" అంది.

రాసుకున్నాను. తరవాతే ఏడ్చాను. అత్తయ్య ఇచ్చిన టీ ఆవిడ నిలబడే తాగేసి, పై అంతస్తులో ఎవరింట్లోనో టీవీ రావట్లేదంటూ మెట్లెక్కింది. నాలుగింటికి వార్డులో ఉండాల్సిన పిల్ల నా ఒళ్లో పాలు తాగుతూ ఉంది. తలుపు తీసిపెట్టుకుని, పైనుంచి వినిపిస్తున్న ఆవిడ గొంతు చాలాసేపు విన్నాను.