తెర మీద ఓబులేసు పేరు

ఊరూరా నెట్ సెంటర్లు వెలిసిన రోజులవి. కడపలో మా ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు పాఠాలు, అసైన్‌మెంట్లు కంప్యూటర్లో పెట్టుకునే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి విద్యార్థులతో వాడించి చూడమని లెక్చరర్‌నైన నాకు అప్పగించారు. సెమిస్టర్ చివర, అది పనికొస్తుందో లేదో తేల్చడానికి ప్రిన్సిపాల్, లెక్చరర్లు ల్యాబ్‌కు వచ్చారు.

నేను గోడ మీది తెరపై చూపిస్తుండగా, ‘ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నవారు’ అన్నచోట ఓబులేసు పేరు కనిపించింది. ఆ విద్యార్థి బైక్ ప్రమాదంలో పోయి నెల కూడా కాలేదు.

“ఎవురో వాని పాస్‌వర్డు కొట్టేసినారు. అడుగమ్మా,” అన్నారు ప్రిన్సిపాల్.

‘ఎవరు మీరు?’ అని పంపాను. కాసేపటికి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు జవాబు వచ్చింది.

“ఓబులేసు చెల్లెల్ని మేడం. పాస్‌వర్డు అన్న నోటుబుక్కులో ఉండాది. రాజంపేట నెట్ సెంటర్లో ఉండాము. ఈడ అన్న ఫొటో ఉండాది, రాసినవి ఉండాయి. మాయమ్మకు చూపిస్తాండా. తప్పయితే ఇంగ రాము.”

‘తప్పు కాదు, రండి’ అని రాశాను. ప్రిన్సిపాల్ లేచి వెళ్లిపోయారు.

కరెంటు కోతల్లో ఈ సాఫ్ట్‌వేర్ నడవదని తర్వాత కాలేజీ వాళ్లు వద్దనుకున్నారు. సర్వర్ చెరిపేసే ముందు ఓబులేసు పేజీలన్నీ ప్రింటు తీసి వాళ్లింటికి తీసుకెళ్లాను. తల్లి ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని అడిగింది.

“అయితే వాడు ఇంగ కంప్యూటర్లో రాడా మేడం?”

రాడమ్మా అన్నాను. కొడుకు పోయాడని ఆమెకు రెండోసారి చెప్పినట్టయింది.