ఖాజా చేతిలో కేబులు, ఫోన్లో నా గొంతు

మా నాయన మీద ఒట్టేసి చెప్దామనుకున్నా. వద్దులే, ఆయన వింటే చెప్పు తీసుకుంటాడు. ఒట్టు లేకుండానే చెప్తా. ఇది జరిగింది. నాకే జరిగింది.

ముదిగుబ్బ దాటినాక ఒక కొండ. దాని మీద గాలి ఫ్యాన్లు. కరెంటు తీసేవి. రెండువేల సంవత్సరం దాటినాక నేను ఆడ కంప్యూటర్లు చూసుకుంటాంటి. కొండకు ఈ కొసన ఆఫీసు, ఆ కొసన కంట్రోల్ రూము. రెండిట్లో ఒక్కో మెయిల్ సర్వరు, అంటే మెయిళ్లు పంపే, తీసుకునే మిషను. ఏ ఫ్యాను నిలపాల, ఏది తిప్పాల... అన్నీ ఆఫీసు నుంచి మెయిల్లోనే పోయేవి.

ఆ పొద్దు ఓబులేసు అనే మెకానిక్కు రిపేరికని ఒక ఫ్యాను పైకెక్కినాడు. "మనిషి పైనుండాడు, తిప్పొద్దు" అని మెయిల్ పోయింది. అయినా ఫ్యాను తిరిగింది. ఓబులేసు చెయ్యి రెండు తావుల విరిగింది. ప్రాణం దక్కింది, అంతే.

తిప్పినోడు ఖాజా. కంట్రోల్ రూములో పనిచేసేవాడు. నేనూ వాడూ ఒకే గదిలో ఉండేవాళ్లం, ఒకే చట్టిలో వండుకునేవాళ్లం. "నాకు మెయిలే రాలేదన్నా" అని ఏడ్చినాడు. ఆఫీసు సర్వరు చూస్తే... పోయినట్టే ఉండాది. అవతల తీసుకున్నట్టు కూడా ఉండాది.

మేనేజరు సారు నన్ను పక్కకు పిలిచినాడు. "వాడే చూసి చెరిపేసినాడేమో. రాత్రికి తేల్చు రామాంజీ. తెల్లారితే పోలీసులకు చెప్పాల" అని జీపెక్కి పోయినాడు.

నేనొక్కన్నే ఆఫీసులో కూర్చున్నా. బయట గాలి నిలిచిపోయిండాది. ఫ్యాన్లన్నీ కదలకుండా... చీకట్లో మనుషుల మాదిరి.

కంప్యూటర్లకు పేరుంటాది, నంబరుంటాది. పేరు పెట్టి పిలిస్తే ఆ పేరున్న మిషను తన నంబరు చెప్పాల. మెయిల్ ఆ నంబరుకు పోతాది. సరే, కంట్రోల్ రూము సర్వర్ని పేరు పెట్టి పిలిచినా. పలికింది. నంబరు చూస్తే... మాది కాదు. నేను ఏ మిషనుకూ ఇయ్యని నంబరు.

ఇంటర్‌కమ్ తీసినా. ఆఫీసులో ఒకటి, కంట్రోల్ రూములో ఒకటి. ఆ లైను మీద ఉండేది ఆ రెండు ఫోన్లే.

"ఖాజా, నీ పక్క ఇంకో కంప్యూటరు ఏమన్నా పెట్టినావా?"

"ఏందన్నా... నువ్వూ నన్నే అనుమానిస్తాండావా?"

"అడిగిందానికి చెప్పు."

"లేదు."

"నీ సర్వరు ఆపు."

ఫోన్లోనే వినబడింది. మిషను రొద తగ్గి... తగ్గి... ఆగిపోయింది. మళ్లీ పేరు పిలిచినా.

పలికింది.

"కేబులు కూడా పీకు."

"పీకినా. చేతిలోనే ఉండాది."

నా పక్క కేబుళ్లు కూడా ఒక్కొక్కటే పీకేసినా. నా కంప్యూటరుదీ, కంట్రోల్ రూముకు పోయేదీ... ఆ రెండే మిగిలినాయి. కంట్రోల్ రూము కేబులు దగ్గర పచ్చ లైటు వెలగతానే ఉండాది. అవతల ఏదో ఒక మిషనుంటేనే ఆ లైటు వెలిగేది. మళ్లీ పిలిచినా.

పలికింది... అదే నంబరు.

వీడు అబద్ధం చెప్తాండాడు అనుకున్నా. ఫోను పెట్టేయలా. పెట్టేస్తే జాగ్రత్త పడతాడని, రిసీవరు బల్ల మీద మెల్లగా పక్కన పెట్టినా. బయట తాళమేసి, బీగంచెవి జేబులో ఏసుకుని, టార్చి కూడా వెలిగీకుండా నడిచినా.

కంట్రోల్ రూము తలుపు ఓరగా తీసుండాది. తొంగి చూసినా.

ఖాజా కుర్చీలో ఉండాడు. పీకిన కేబులు ఒక చేతిలో... నిజంగానే. ఇంకో చేతిలో ఫోను. మాట్లాడతాండాడు.

"ఆ... సరేన్నా... లేదన్నా, బతికినాడు... చెయ్యే విరిగింది..."

ఎవరితో?

నా కాలు తలుపుకు తగిలి కిర్రుమంది. ఖాజా తిరిగి చూసినాడు. నన్ను చూసినాడు. చేతిలో ఫోన్ని చూసినాడు. మళ్లీ నన్ను చూసినాడు. మొగం తెల్లగా పాలిపోయింది.

"అన్నా... నువ్వు ఈడుంటే... ఆడ మాట్లాడేదెవరు?"

ఫోను లాక్కుని చెవికి పెట్టుకున్నా. మాటల్లేవు. మా ఆఫీసు మిషన్ల రొద సన్నగా... దాని ఎనకాల ఏదో... ఊపిరో, గాలో... అట్లనే వింటా నిలబడినా. టక్. అవతల ఎవరో పెట్టేసినారు.

ఇద్దరం ఆఫీసుకు పరిగెత్తినాము. తాళం ఏసింది ఏసినట్టే ఉండాది. కిటికీలకు కమ్ములు. లోపల మనిషి లేడు. రిసీవరు మాత్రం... ఫోను మీద నీటుగా పెట్టి ఉండాది.

కేబుల్ లైటు ఆరిపోయుండాది. పేరు పిలిస్తే ఈసారి ఎవరూ పలకలా.

"ఏమడిగినాడు నిన్ను?" అన్నా.

"‘ఓబులేసు చచ్చినాడా’ అని. నీ గొంతేన్నా. నువ్వే అనుకుంటి."

తెల్లారి పేర్లు తీసేసి, రెండు సర్వర్లలోనూ నేరుగా నంబర్లే రాసేసినా. మళ్లీ ఒక్క మెయిలూ తప్పిపోలేదు. మెయిల్ వేరే నంబరుకు పోయింది, ఖాజా తప్పేమీ లేదని సారుకు చెప్పినా. "ఆ నంబరు ఎవరిది?" అన్నాడు. తెలీదన్నా. ఆయన పోలీసుల మాట మళ్లీ ఎత్తలా. ఎందుకెత్తలేదో అదీ నాకు తెలీదు.

ఖాజా నెల తిరక్కముందే పని మానేసి కదిరిలో బండ్లు రిపేరు చేసే అంగడి పెట్టుకున్నాడు. ఆ రాత్రి నాకు కట్టుకథ చెప్పినాడేమో అని ఒక్కోసారి అనిపిస్తాది. కానీ ఆ టక్ నేను విన్నాను కదప్పా... నా చెవితోనే.

వాడికీ నా మీద ఏదో అనుమానం ఉండాది. ఎదురుపడితే టీ తాపిస్తాడు, పిల్లల్ని అడుగుతాడు. ఫోన్ చేస్తే మాత్రం... నా గొంతు విన్నంతనే పెట్టేస్తాడు.