బేసిక్ రాయించిన మేష్ట్రు

మా మేడమీద అద్దెకున్న లెక్కల మేష్ట్రు పోయాడని మొదట చూసింది మా అమ్మాయే. రోజూ పొద్దున ఐదున్నరకల్లా మెట్లు దిగి వచ్చే మనిషి ఆరైనా రాకపోయేసరికి, పుస్తకం చేత్తో పట్టుకునే పైకి వెళ్లింది. వెళ్లినంత వేగంగానూ దిగి వచ్చి, "అమ్మా, మేష్ట్రు లేవట్లేదు" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. దాని పరీక్షకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. రెండు పాఠాలు అలాగే మిగిలిపోయాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. చేసిన పాడుపనిని సగం సరిచేసి, మిగతా సగం మా నెత్తిన పడేసి పోయాడే అనుకున్నాను.

తెలుగు సంఘం పత్రికవాళ్లు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ఇంటివాళ్లు కదా, దగ్గరనుంచి చూసి ఉంటారు అన్నారు. చూశాను. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. నేను మాత్రం ఆయన కళ్లు ఎంతుంటే అంతే రాస్తాను. మంచి మాటలే కావాలనుకునేవాళ్లు ఈ పేజీ తిప్పేసుకోవచ్చు.

మాది హిందూపురం దగ్గర పల్లె. పెళ్లయి ఈ కన్నడ ఊరు మడివాళ వచ్చి పద్దెనిమిదేళ్లు. ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడతాను. మా ఆయన జిగణి ఫ్యాక్టరీవాళ్ల షిఫ్టు బస్సు నడుపుతాడు. మేష్ట్రుది ఆనేకల్ వైపు, తాతలనాటినుంచి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబం. ఇక్కడి పాత తెలుగువాళ్లు పంతులుగారిని మేష్ట్రు అంటారు, మేమూ అలాగే పిలిచాం. భార్య పోయాక ఒక్కడే వచ్చి మా మేడగదిలో చేరాడు. తొమ్మిదేళ్లు ఉన్నాడు. మా అమ్మాయి చదివే స్కూల్లోనే లెక్కల టీచర్లందరికీ పెద్ద. నెత్తిమీదే లెక్కల మేష్ట్రు ఉండగా మా పిల్లకేం దిగులని మా అత్తగారు పదిమందికీ చెప్పుకునేది. నేనూ చెప్పుకున్నాను.

న్యూస్‌పేపరు అంచుల్లో లెక్కలు వేసుకునే అలవాటు ఆయనకు. జాకెట్ల నమూనాలు కత్తిరించుకోవడానికి ఆయన దగ్గర పాత పేపర్లు తెచ్చుకునేదాన్ని. ప్రతి అంచునా అంకెలే. నా కాఫీ ఏ రోజూ బాగుందనలేదు. నీళ్లెక్కువ అనేవాడు, పొడి మాడింది అనేవాడు, గ్లాసు మాత్రం అడుగుదాకా ఖాళీ చేసి ఇచ్చేవాడు. అలాంటి మనిషితో తగువేముంటుంది? పదో తరగతి ఫారం వచ్చేదాకా నాకూ లేదు.

పదో తరగతి లెక్కల పరీక్షకు రెండు రకాల పేపర్లుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. స్టాండర్డ్ అంటే కష్టమైనది, బేసిక్ అంటే తేలికది. పుస్తకం ఒకటే, పాఠాలూ అవే, ప్రశ్నలు వేరు. బోర్డుకు పేర్లు పంపేముందు ఏది రాస్తారో టిక్కు పెట్టి, తల్లో తండ్రో సంతకం చెయ్యాలి. మా అమ్మాయి తెచ్చిన ఫారంలో బేసిక్ దగ్గర పెన్సిలుతో ముందే టిక్కు పెట్టి ఉంది. శ్రావణమాసం, పెళ్లిళ్ల జాకెట్లు కుప్ప పడి ఉన్నాయి. అయినా మేడెక్కి అడిగాను, ఇదేంటి మేష్ట్రా అని.

"బేసిక్కే రాయనీ అమ్మా. లెక్కలంటే బెదురుతా ఉండాది గదా పాప. ఇదైతే మంచి మార్కులొస్తాయి, నిమ్మళంగా నిద్రపోతాది" అన్నాడు.

నిద్రపోతుందంటే ఏ తల్లి వద్దంటుంది? కిందికొచ్చి కుట్టుమిషను మీదే పెట్టి సంతకం గీకేశాను. ఆ ఫారం అడుగున చిన్న అక్షరాల ఇంగ్లీషులో ఒక ముక్క ఉంది: బేసిక్ రాసినవాళ్లకు పదకొండో తరగతిలో లెక్కలు ఇవ్వబోమని. నేను చదవలేదు. ఆయన చెప్పలేదు. ఫారంలో ఉండాది గదమ్మా అని తర్వాత ఒకసారి నసిగాడు. ఫారంలో ఉంటే నోటికేం రోగం?

నూటికి తొంభై ఒకటి వచ్చాయి. వీధంతా మైసూరుపాకు పంచాను. ఆయనా ఒక ముక్క తీసుకున్నాడు, తింటూ తల దించుకున్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. మా పిల్లకు ఆర్కిటెక్టు కావాలని కోరిక. చిన్నప్పటినుంచీ నా మార్కింగ్ సుద్దతో నేలమీద ఇళ్ల ప్లానులు గీస్తుంది, వంటగది ఎక్కడ, మెట్లు ఎటువైపు అని. ఆ చదువుకు లెక్కలు ఉండి తీరాలి. పదకొండులో చేర్చడానికి వెళ్తే ఆఫీసు గుమాస్తా మార్కుల కాగితం చూసి, బేసిక్ కదా, కామర్సు తీసుకోండి అన్నాడు. తొంభై ఒకటి వచ్చాయయ్యా అన్నాను. తొంభై తొమ్మిదొచ్చినా అంతే అన్నాడు. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మేడెక్కాను. ఎక్కినదాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. కింద సందులో ముగ్గురు ఆగి విన్నారు. పాఠం చెప్పేవాడివా, పిల్లల గొంతు కోసేవాడివా అన్నాను. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ నిలబడి అంతా విన్నాడు. అది ఇంకా మంట.

మర్నాడు ఐదున్నరకు తలుపు చప్పుడైంది. చేతిలో పాత పేపర్ల కట్ట. "పాపను లేపండమ్మా. జూలైలో మళ్లా పరీక్ష ఉండాది. దాంట్లో స్టాండర్డ్ పేపరు రాసి పాసయితే లెక్కలు ఇయ్యాల్సిందే. ఆఫీసులో నేను మాట్లాడినా" అన్నాడు. నేను జరగలేదు. నా పక్కనుంచి ఒంటివాటుగా లోపలికొచ్చి, నా కటింగ్ టేబులు మీద గుడ్డలు పక్కకు నెట్టి కూర్చున్నాడు.

అలా ఆరు వారాలు. నేను మిషను దగ్గర కూర్చుని వినేదాన్ని, ఆయన తప్పు ఎక్కడ దొరుకుతుందా అని. దొరకలేదు. మా పిల్లకు పొడుగు లెక్క కనబడితే చెయ్యి ఆగిపోయేది. అలా ఆగిపోయినప్పుడు ఆయన పెన్ను లాక్కుని, "ఏడ తప్పు చేసినావో చూడు. ఏంటికి చేసినావో తర్వాత ఏడుద్దాం" అనేవాడు. ఊహించొద్దు, బొమ్మ గీసుకో అనేవాడు. ఆరో సారి అడిగినా మొదటిసారి చెప్పినట్టే చెప్పేవాడు. ఇంత ఓపిక ఉన్న మనిషి ఏడాదంతా స్కూల్లో ఏం చేశాడని నాకు మళ్లీ మంట.

ఒకరోజు నేను అంబ్రెల్లా లంగాకు గుడ్డ నాలుగు మడతలు వేస్తుంటే చూసి, నడుముకు ఎంత దూరంలో గీస్తారమ్మా అని అడిగాడు. నడుము కొలతను ఆరుతో భాగించి పిసరు తగ్గిస్తానన్నాను. ఆయన మా పిల్ల వైపు తిరిగి, చూడు, మీ అమ్మకు వ్యాసార్థం వస్తాది, పేరొక్కటే తెలీదు అన్నాడు. నన్ను పొగిడి చల్లబరచాలని చూస్తున్నాడని మూతి తిప్పుకున్నాను. లోపల సంతోషించాను. ఆ సంగతి మాత్రం ఆయనకు తెలియనివ్వలేదు.

రెండో వారంలో పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు అడిగేశాను, అసలెందుకు రాయించారని. కాఫీ సగం తాగి గ్లాసు టేబులు మీద పెట్టాడు.

"రిజల్టు కోసమమ్మా. నూటికి నూరు పాసని బ్యానరు కట్టల్ల గదా. సందేహంగా ఉండే పిల్లోళ్లందరికీ బేసిక్ ఇయ్యమన్నారు. పెన్సిలు టిక్కులు నేనే పెట్టినా. మీ పాపకు వస్తాదో రాదో కూర్చోబెట్టి చూసేంత టైము గూడా నేను పెట్టలేదు" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. భయపడే పిల్ల అని జాలి చూపించిన నోరు అదే కదా. ఆయన ముందునుంచి గ్లాసు లాక్కుపోయి కడిగేశాను, అందులో ఇంకా సగం కాఫీ ఉంది.

ఇప్పుడు నా సంగతి రాయాలి. ఆ మర్నాడే ఆయన ఇంకో మాట అడిగాడు. ఈ చుట్టుపక్కల సందుల్లోనే అలా బేసిక్ రాసి, లెక్కలు కావాలని ఏడుస్తున్న పిల్లలు ఇంకా నలుగురున్నారట. రెండు సందుల అవతల పీజీ హాస్టల్లో వంట చేసే ఆమె కూతురు అందులో ఒకతె. జూలై పరీక్షకు పేరు ఇవ్వడానికి ఎల్లుండే ఆఖరు రోజు, వాళ్లకు ఈ దారి ఉందనే తెలియదు, పిలిచి చెప్తాను, అందరినీ ఇక్కడే కూర్చోబెడతాను అన్నాడు.

నేను వద్దన్నాను. "నా టేబులు మీద ఐదుగురు పట్టరు మేష్ట్రా. ముందు మా పాపకు చేసింది సరిచెయ్యండి" అన్నాను. మేడమీద చెప్పుకుంటానన్నాడు. మా మేడమీద కూడా వద్దన్నాను. గుంపు చేరితే విషయం స్కూలుకు పాకుతుందని, చేతికొచ్చిన సీటు పోతుందని నా భయం. ఐదుగురిలో మా పిల్ల వెనకబడుతుందని ఇంకో భయం. అంతకంటే కూడా, ఆయన మాకు బాకీ పడ్డాడు, ఆ బాకీ మొత్తం మాకే తీర్చాలి అన్న పంతం. ఆయన "సరేమ్మా" అన్నాడు. ఆ సరే అనే బుద్ధే ఆయనతో స్కూల్లోనూ అలా చేయించింది, ఇక్కడా అలా చేయించింది. ఆయనకు కాళ్లు లేవా? నలుగురి ఇళ్లకూ నడిచి వెళ్లి చెప్పలేకపోయాడా? చెప్పలేదు. గడువు దాటిపోయింది. గురివింద తన కింద నలుపు ఎరగదంటారు. నేను ఆ ఆరు వారాలూ ఆయన నలుపే లెక్కపెట్టాను.

ఆయన పోయాక స్కూల్లో సంతాపసభ పెట్టారు. ఫోటోకు దండ, పిల్లలతో మౌనం. పిల్లలకు లెక్కల భయం పోగొట్టిన మహానుభావుడని హెడ్‌మిస్ట్రెస్ మెచ్చుకుంది. భయం కాదు తల్లీ, లెక్కలే పోగొట్టాడు, నువ్వు పోగొట్టించావు, అని లేచి అనాలనుకున్నాను. పిల్ల నా చెయ్యి నొక్కిపట్టింది. దాని సీటు ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది. కూర్చుండిపోయాను. ఆ పన్నెండు రోజులూ అది ఒంటరిగానే ఐదున్నరకు లేచి ఆ రెండు పాఠాలూ చదువుకుంది. రాతపరీక్షలో ఎనభైకి యాభై రెండు వచ్చాయి. తొంభై ఒకటి వచ్చినప్పుడు నవ్వని పిల్ల ఈ యాభై రెండుకు పడీపడీ నవ్వింది, తర్వాత బాత్రూములోకి వెళ్లి నీళ్లు వదిలి ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది. ఆయన కోసం నేను ఏడ్చింది ఆ రోజే. ఇప్పుడది పదకొండులో లెక్కలు చదువుతోంది. ఆ ఆరు వారాలూ ఆయన నా గుమ్మం దాటి రాకపోయి ఉంటే చదివేది కాదు. అది నేను ఒప్పుకుంటాను. మిగతాది క్షమించను.

మొన్న ఆదివారం పీజీలో వంట చేసే ఆమె జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. కొలతలు తీసుకుంటుంటే చేతులు రెండూ పక్కలకు చాపి నిలబడి మాట్లాడుతూనే ఉంది.

"మేష్ట్రు దేవుడట్లాంటోడు అక్కా. మా పాపకు తొంభై మూడు తెప్పించినాడు. లెక్కలే తీసుకోవల్లని శానా ఏడ్సింది మా పాప. రాదన్నారు స్కూల్లో. మన రాత, ఏం చేస్తాం? కామర్సులో ఉండాది ఇప్పుడు."

మీ పాప కూడా కామర్సేనా అని అడిగింది. నోట్లో పిన్నులు పెట్టుకుని ఉన్నాను, తలాడించినట్టూ ఆడించనట్టూ ఊరుకున్నాను. భుజం కొలత మూడుసార్లు తీసుకుని మూడుసార్లూ వేరేగా రాసుకున్నాను. ఆమె వెళ్లాక సోమవారం స్కూలు ఆఫీసుకు పోయి, ఇంకో పరీక్ష ఏమైనా ఉందా అని గుమాస్తాను అడిగాను. మీ పాపకు ఇచ్చేశాం కదమ్మా, ఇంకెవరికి అన్నాడు. ఈ ఏడాదికి అయిపోయిందన్నాడు.

ఆ వంటామె పొద్దుననుంచి రాత్రిదాకా తెలుగే మాట్లాడుతుంది, చదివింది మాత్రం కన్నడ బడిలో. ఈ పత్రిక వాళ్లింటికీ వస్తుంది. మేష్ట్రు ఫోటో చూసి దండం పెట్టుకుంటుంది, కింద నేను రాసింది ఒక్క అక్షరం చదవలేదు. ఇదంతా రాయడానికి నేను ఆ ధైర్యంతోనే కూర్చున్నానని ఇక్కడిదాకా వచ్చాకే నాకు తెలిసింది.

జాకెట్టుకు శుక్రవారం రమ్మన్నాను. వస్తుంది. వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంటుంది. తర్వాత వెనక ముడి వెయ్యమని, జడ ముందుకు లాక్కుని, నాకు వీపు తిప్పి నిలబడుతుంది. అప్పుడు చెప్పాలి.