ఆషాఢంలో ఆగిన ఇప్పగింజలు

పొద్దున ఒకాయన గోనెసంచిలో ఇప్పగింజలు తెచ్చి నర్సరీ బల్లమీద కుమ్మరించాడు. పండు గుజ్జు ఇంకా అంటుకునే ఉంది. ఒక గింజ తీసుకోగానే వేళ్ళకు జిడ్డు, ముక్కుకు ఆ తీపి పులిసిన వాసన. బాలమణి గుర్తొచ్చి గింజను మళ్ళీ బల్లమీద పెట్టేశాను. గింజలు నచ్చలేదనుకున్నాడు పాపం.

బ్యాంకు ఉద్యోగం మానేసి, సైనిక్‌పురి అవతల కాస్త జాగా లీజుకు తీసుకుని, మన నేల చెట్లే పెంచుతానని బయలుదేరిన రోజుల్లో నాకు తెలిసిందంతా పుస్తకాల్లోదే. బాలమణి బోయిగూడలో ఒక్క గదిలో ఉండేది. ముప్పై ఏళ్ళుగా మారేడ్‌పల్లి ఇళ్ళ తోటల్లో పనిచేసిన మనిషి. మా ఇంటి తోటకూ ఆమే వచ్చేది. నర్సరీ పనికి పిలిస్తే నవ్వింది. "మోదుగ, రేల, ఇప్ప... గివి అడవిల ఊకెనే పెరుగుతయి. పైసలిచ్చి ఎవలు కొంటరమ్మా?" అంది. అయినా మర్నాడే వచ్చింది. రేల గింజను వేడినీళ్ళలో నానబెట్టడం, వేరు నేలలోకి దిగకుండా మొక్కల కవర్లను అప్పుడప్పుడూ జరపడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నేను చేతులకు గ్లవ్స్ వేసుకుంటే మాత్రం ఊరుకునేది కాదు. "మట్టి ముట్టకుంట మొక్కను ఎట్ల పెంచుతవ్? డాక్టరమ్మవా ఏంది?" అని ఆటపట్టించేది.

నర్సరీ ఇంకా తెరవకముందే ఒకరోజు వాళ్ళ ఊరి నుంచి వచ్చి, తడిగుడ్డలో కట్టిన మూట నా చేతిలో పెట్టింది.

"మా తాత నాటిన ఇప్పచెట్టుయి. రోడ్డు కోసం కొట్టేస్తున్రు. గిదే ఆఖరి కాపు. ఇయ్యాల్నే మట్టిల పెడదాం."

అప్పటికే ఆషాఢం వచ్చేసింది. మా అత్తగారు ఒప్పుకోరు. నిజం చెప్పాలంటే నాకూ లోపల బెరుకే. శ్రావణ శుక్రవారం పూజ చేసి, మొదటి విత్తు అదే వేయాలని నా ముచ్చట.

"గింజకు ఆషాఢం ఏందమ్మా? ఆరితే పానం పోతది. జెర ఇను. పోనీ, మా ఇంటికాడ డబ్బాలల్ల పెడ్తా."

"వద్దు బాలమణీ. మొదటి మొక్క మన నర్సరీలోనే రావాలి. నెల రోజులేగా!"

గింజలు తుడిచి, ఆరబెట్టి, స్టీలు డబ్బాలో పోసి మూత బిగించాను. పప్పులు దాచుకున్నట్టు దాచాను, నా తెలివి మండ! ఆమె ఆ తడిగుడ్డ పిండి తీగమీద ఆరేసింది.

శ్రావణంలో కొబ్బరికాయ కొట్టి అన్నీ నాటాం. ఊళ్ళో చెట్టు అప్పటికే కొట్టేశారు. బాలమణి రోజూ నీళ్ళు పోసేది, నేను రోజూ వంగి చూసేదాన్ని. రెండు నెలలయ్యాక ఉండబట్టలేక ఒక కవరు చించాను. లోపల గింజ నల్లగా పొడైపోయి ఉంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"డబ్బా మూత తీసిన్నాడే తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ నీళ్ళెందుకు పోశావు?"

"రోజు ఆశతోని చూస్తుంటివి. ఎట్ల చెప్పాలె?"

ఒక్కసారి నోరారా తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఖాళీ కవర్లు ఏరుకుని వేరే మట్టి నింపడానికి వెళ్ళింది.

మరుసటి ఏడు జ్వరమొచ్చి బాలమణి పోయింది. దినాలయ్యాక ఆమె కూతురు నర్సరీకి వచ్చింది.

"తాత చెట్టు గింజలు మా మేడమ్ అన్నీ మొలిపించిందని అమ్మ అందరికీ చెప్పేది. ఒక్క మొక్క ఇయ్యమ్మా. అమ్మను పెట్టినకాడ నాటుతం."

అప్పటికి నా దగ్గర వేరే చోటి ఇప్పమొక్కలు రెండు వరుసలున్నాయి. ఒకటి తీసి ఇస్తే ఆ అమ్మాయికి తెలిసేది కాదు. చెయ్యి చాచాను కూడా. కానీ చేతకాలేదు.

"అవి మొలవలేదమ్మా. మీ అమ్మ చెప్పింది, నేనే వినలేదు."

ఆ పిల్ల ఆ వరుసలకేసి చాలాసేపు చూసింది. "అయితే వద్దులే" అని వట్టి చేతులతో వెళ్ళిపోయింది.

ఇప్పుడు మట్టిపని తెలిసిన మనిషి ఏదైనా చెబితే ముందు ఆ పని చేస్తాను, నా అనుమానాలు తర్వాత. ఎన్ని ఇప్పమొక్కలు పెంచానో నాకే గుర్తులేదు. ఆమె కూతురు అడిగిన ఆ ఒక్కటి మాత్రం ఇవ్వలేకపోయాను. బోయిగూడ మీదుగా వెళ్ళాల్సివస్తే ఇప్పటికీ చుట్టు తిరిగి వెళతాను.