లింగమూర్తి వేసిన మస్టర్లు

లింగమూర్తికి లోకంలో ఒకటే పిచ్చి: పుస్తకాలకు మస్టర్లు వేయడం.

పుస్తకాలు చదివేవాళ్లు గోదావరిఖనిలో చాలామందే ఉన్నారు. చదివిన ప్రతిసారీ ఏ తారీఖున, ఏ జాగాలో చదివాడో వెనక అట్ట లోపల వరుసగా రాసి, పక్కన టిక్కు కొట్టేవాడు మాత్రం ఆయనొక్కడే. ముప్పై మూడేళ్లు బొగ్గుబాయి ఆఫీసులో మస్టరు గుమాస్తాగా చేశాడు మరి. డ్యూటీకి వచ్చినవాడి హాజరును అక్కడ మస్టరు అంటారు. మస్టరు పడితే మనిషి వచ్చినట్టు. పడకపోతే, ఎదురుగా నిలబడి నమస్తే పెట్టినా రానట్టే. రిటైరైన మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే మస్టరు వేయడానికి ఒక్క మనిషీ దొరకలేదు. వంటింట్లోకి వెళ్లి భార్యకు వేయబోతే ఆమె అట్లకాడ చూపించింది. దాంతో పుస్తకాల మీద పడ్డాడు.

పుస్తకాల్లోనూ ఆయనకు హోదాలుండేవి. ఒక్కసారి చదివి పక్కన పెట్టింది బదిలీ వర్కరు, అంటే ఎవరైనా రాకపోతే పనికి పిలిచే రకం. మళ్లీ మళ్లీ చదవాలనిపించేదే పర్మినెంటు. ఎవరైనా కొత్త నవల చేతికిచ్చి బాగుంటుందని చెబితే, అటూ ఇటూ తిప్పి చూసి, "ముందుగాల బదిలీ కింద తీసుకుంట, మస్టర్లు నిండనీ, అప్పుడు చూద్దాం" అనేవాడు. ఇచ్చినవాడు తాను ఇచ్చింది పుస్తకమో, ఉద్యోగం లేని తమ్ముడో తేల్చుకోలేక వెళ్లిపోయేవాడు.

ఇంకో షరతు, పర్మినెంటు పుస్తకాన్ని ఇంట్లో చదవకూడదు. ఇరవై ఏళ్లుగా బీరువాలో ఉన్న పుస్తకానికి గాలి మారాలంటాడు. అందుకని ఆదివారం విడిచి ఆదివారం పొద్దున్నే ఫరీద్ ఆటోలో ఒక పుస్తకాన్ని షికారుకు తీసుకుపోయేవాడు. ఒకసారి రామగిరి ఖిల్లా, ఒకసారి మందమర్రి దగ్గర గాంధారి వనం, ఎండలు ముదిరితే ఎల్లంపల్లి నీళ్ల ఒడ్డు. ఆటోలో ముందు సీటు, ఫరీద్ పక్కన, పుస్తకానిది. మనుషులు వెనక కూర్చోవాలి. ఒకసారి ఫరీద్ ఆ సీట్లో ఉల్లిగడ్డల సంచి పెడితే లింగమూర్తి దిగి నడవడం మొదలుపెట్టాడు. ఫరీద్ ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని ఆరు మైళ్లు నడిపాడు. రోడ్డు పొడుగునా అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ, "బుక్ సాబ్ వస్తుండు, జర జాగ ఇయ్యుండ్రి" అని చెప్పుకుంటూ పోయాడు.

ఇంత పిచ్చిని ఏడేళ్లుగా ఒక్క షికారూ తప్పకుండా భరించినవాడు పోశం. ముప్పై నాలుగేళ్లు బాయిలోకి దిగి టబ్బుల్లో, అంటే పట్టాల మీద నడిచే ఇనప బండ్లలో, బొగ్గు నింపిన మనిషి. భార్య సారవ్వ కట్టిచ్చిన సర్వపిండి గిన్నె పట్టుకుని తెల్లారేసరికి రోడ్డు మీద నిలబడేవాడు. లింగమూర్తి పుస్తకం తీస్తాడు, గొంతెత్తి చదువుతాడు, పోశం వింటాడు. మనసులో చదువుకుంటే తనకు అర్థం కాదని, చెవిన పడితేనే తలకెక్కుతుందని లింగమూర్తి అనేవాడు. పాపం, అంత చదువుకున్నవాడికి అదేం లోపమో అని పోశం జాలిపడేవాడు.

పోశానికి చదువు రాదు. ఈ సంగతి లోకంలో సారవ్వకు తప్ప ఎవరికీ తెలియదని ఆయన గట్టి నమ్మకం. పేరు మటుకు ముగ్గు గీసినట్టు గీస్తాడు. అంకెలు వచ్చు. పొద్దున పేపరు పట్టుకుని గంటసేపు కూర్చుంటాడు, ఫొటోలో ఉన్నవాడి ముఖాన్ని బట్టి వార్త అల్లుతాడు. నవ్వుతుంటే గెలిచినట్టు, నవ్వకపోతే దొరికినట్టు. చాలాసార్లు సరిపోయేది కూడా.

ఇద్దరికీ అన్నిటికంటే ఇష్టమైనది పడవ బుక్కు. దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. ముందు అట్టా, మొదటి నాలుగు పేజీలూ ఎప్పుడో ఊడిపోయాయి. ఒక పెళ్లివారు పడవలో ఏరు దాటి, తీరా అవతలి ఒడ్డున దిగాక చూసుకుంటే పెళ్లికూతురు ఇవతలి ఒడ్డునే ఉండిపోయిందన్నది కథ. ఉన్న పుస్తకం అయిదో పేజీ మీద, "అన్నాడు పడవ సాంబయ్య" అనే మాటతో మొదలవుతుంది. సాంబయ్య ఏమన్నాడన్నది ఊడిపోయిన పేజీలో ఉంది. ఏడేళ్లుగా వీళ్లిద్దరి మధ్య తగువు అదే. సాంబయ్య గనక ఎక్కేముందు మస్టరు తీసుంటే పిల్ల మిగిలేదే కాదని లింగమూర్తి వాదన. మస్టరు తీసినా లాభం లేదు, పిల్ల కావాలనే ఎక్కలేదని పోశం వాదన. పోయిన చలికాలం గాంధారి వనంలో కూర్చుని, ఆ నాలుగు పేజీల్లో ఏముండి ఉంటుందో మాటమాటా కలుపుకుని ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు.

చదివేటప్పుడు లింగమూర్తికి ఇంకో అలవాటు. పేజీ తిప్పినప్పుడల్లా టిఫిన్ మూత మీద చెంచాతో ఒక్కటి కొడతాడు. బాయిలో టబ్బులు లాగేటప్పుడు గంట కొట్టినట్టన్నమాట. బాయిలోకి ఒక్కనాడూ దిగని మనిషి గంట కొట్టడం పోశం ప్రాణానికి నచ్చేది కాదు.

"ఒక గంటంటే ఆగుమని, లింగన్న. నువ్వు గంట కొట్టి ముందుకు పోతున్నవ్."

"ఇది బుక్కుల బాయి. ఈడ రూలు వేరే."

మరొక చెడ్డ గుణం, అప్పుడప్పుడు ఒక వాక్యం మింగేసేవాడు. పోశం వెంటనే పట్టుకునేవాడు: "ఆడ పెళ్లిపిల్ల కడియం గురించి ఒక మాటుంటది గద, అది ఏది?" లింగమూర్తి కళ్లద్దాలు సర్దుకుని, వయసు మీద పడిందని గొణిగి, వెనక్కి వచ్చి చదివేవాడు. ఆ మింగడం ఏడాదికేడాది ఎక్కువైంది. ముసలాయన చూపు తగ్గిపోతోందని పోశం సారవ్వ దగ్గర బాధపడ్డాడు.

ఇలా సాగుతుండగా ఒక బుధవారం నస్పూర్ నుంచి పోశానికి మనవరాలు సంధ్యారాణి ఫోన్ చేసింది. ఆమెకు కొత్తగా బళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. చదువుకునే రోజుల్లో సెలవులకు తాత దగ్గరికి వచ్చినప్పుడల్లా పడవ బుక్కు కథ విన్న పిల్ల. అది తాను చదివిన కథేనని పోశం అప్పుడు చెప్పాడు. పిల్ల నమ్మింది, నమ్మినదాన్ని ఇప్పుడు క్లాసులో చెప్పింది: మా తాత బొగ్గు నింపుకుంటూ సొంతంగా చదువు నేర్చాడని. పిల్లలు ఆ తాత గొంతు వినాలన్నారట. ఆదివారం తానూ షికారుకు వస్తుందట.

"నువ్వే చదువాలె తాతా. ఫోన్ల రికార్డు చేసి మా పిల్లలకు వినిపిస్త."

పోశానికి అన్నం సయించలేదు. చిన్న అబద్ధం, ఆరేళ్లుగా ఒక మూలన కూర్చుని ఎవరికీ అడ్డం రాకుండా ఉన్నది, ఇప్పుడు నలభైమంది పిల్లల ముందుకు పోతానంటోంది. మనవరాలి మాట అబద్ధమవుతుంది, అదీ తన వల్ల. శుక్రవారం లింగమూర్తి ఇంటికి పోయి, పిల్లకు నీ గొంతంటే పానం, నువ్వే చదవాలని చుట్టుతిప్పి చెప్పాడు. లింగమూర్తి, తన పుస్తకాన్ని ఇంకొకడు ముట్టుకోగా ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. ఆ మాటతో పోశం ఆ పూట రెండు ముద్దలు తిన్నాడు.

ఆదివారం ఆటో వచ్చింది. ముందు సీట్లో పడవ బుక్కు. వెనక లింగమూర్తి, మెడకు ఈ చివర నుంచి ఆ చివరదాకా తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. ముందురోజే వచ్చిన సంధ్యారాణితో కలిసి ఎక్కుతూ పోశం పలకరిస్తే గొంతు చూపించి, చెయ్యి ఊపాడు.

"కాకకు పొద్దుగాల్ల గొంతు పోయిందట," అన్నాడు ఫరీద్. "ఇంటి ముంగట సైగలు చేస్తే కూరగాయలడుగుతుండనుకున్న."

ఎల్లంపల్లి దారి పట్టారు. పుస్తకాన్ని ముట్టుకోనివ్వనన్న మనిషి, సమయానికి గొంతు పారేసుకున్నాడు. దారిలో దవాఖాన కనిపించినప్పుడు ఆపమన్నాడు, సూది వేయిద్దామన్నాడు. లింగమూర్తి అడ్డంగా తల ఊపాడు. సంధ్యారాణి మాత్రం సంతోషంగా, "అయితే తాతనే ఇగ," అంది.

నీళ్ల ఒడ్డున తుమ్మచెట్టు నీడలో జంపఖానా పరిచారు. ఫరీద్ బీడీ కోసం ఆటో దగ్గరికి పోయాడు. తలా ఒక సర్వపిండి ముక్క తిన్నారు. పోశం రెండోసారి వడ్డించబోతే ఎవరూ తినలేదు. లింగమూర్తి పుస్తకాన్ని రెండు చేతులా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. తలకిందులు కాకుండా తిన్నగా పెట్టాడు, అయిదో పేజీ తెరిచి మరీ. సంధ్యారాణి ఫోన్ ముందుకు పట్టుకుంది.

కాగితం మీద చీమలు బారులు తీరి ఉన్నాయి. ఒక్క చీమ కూడా పోశంతో మాట్లాడలేదు. నిజం చెప్పేద్దామని తలెత్తాడు. ఎదురుగా లింగమూర్తి టిఫిన్ మూత ఒళ్లో పెట్టుకుని, చెంచా పట్టుకుని, పొద్దున షిఫ్టు మొదలవడానికి ముందు ఆఫీసు కిటికీలో కూర్చున్నట్టే కూర్చుని ఉన్నాడు. ఆ ముఖం చూడగానే పోశం చెవిలో ఆయన గొంతు వినపడింది. చెవిలో వినపడ్డది నోట్లోకి వచ్చింది.

ఏరు వచ్చింది, పడవ వచ్చింది, పెళ్లివారు ఎక్కారు. తాళాలు మోగించేవాడు చెప్పులు పోగొట్టుకున్నాడు. పోశం నోట మాట తర్వాత మాట, ఎక్కడా తడబడకుండా వస్తోంది. లింగమూర్తి చదివితే సాంబయ్య గుమాస్తాలాగా మాట్లాడేవాడు. పోశం నోట అచ్చంగా పడవవాడిలా మాట్లాడాడు. కొంతసేపటికి టిఫిన్ మూత ఠంగుమంది. పోశం పేజీ తిప్పాడు. ఇంకొంతసేపటికి మళ్లీ ఠంగుమంది. మళ్లీ తిప్పాడు. మూడోసారి తిప్పుతూ ఉండగా, తాను చదువుతున్నట్టు కనిపించాలంటే ఎక్కడ తిప్పాలో ఆ చెంచాకు తెలుసని పోశానికి తట్టింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మాట మాత్రం ఆగలేదు.

పెళ్లికూతురు ఒక్కతే తెప్ప కట్టుకుని ఏరు దాటి, అవతలి ఒడ్డున తినడం మొదలుపెట్టిన పెళ్లివారిని, నాకు మిగిల్చారా అని అడిగే చోట పోశం ఆగాడు. అధ్యాయం అయిపోయింది. సంధ్యారాణి ఫోన్ దించి, తాత ఒళ్లోని పుస్తకాన్ని ప్రేమగా మొదటికి తిప్పింది. చూసి, కనుబొమలు ముడిచింది.

"తాతా, ఈ బుక్కు అయిదో పేజీ కాంచి ఉన్నది. 'అన్నాడు పడవ సాంబయ్య' అని మొదలైతున్నది. మరి నువ్వు ముందుగాల చదివిందంత ఏడున్నది? 'అందరెక్కిండ్రా, లెక్క జూస్కున్నరా' అన్నది?"

పోశం గుండె టబ్బు జారినట్టు జారింది. ఉత్సాహంలో ఊడిపోయిన నాలుగు పేజీలూ చదివేశాడు. లేని పేజీలు చదివేవాడు ఉన్న పేజీలు ఎలా చదివాడో ఏ పిల్లయినా కనిపెడుతుంది, ఈమె టీచరాయె.

"ఆ నాలుగు పేజీలు మేమిద్దరం చెప్పుకున్నయి బిడ్డా," అని గట్టిగా ఒక గొంతు వినపడింది. "గాంధారి వనంల కూసొని. సగం నాయి, సగం మీ తాతయి. మంచి సగం మీ తాతది."

ఆటో దగ్గర ఫరీద్ చేతిలో బీడీ కింద పడింది. లింగమూర్తి తువ్వాల జారి ఒళ్లో ఉంది. గొంతు, చూడబోతే, ఆఫీసు కిటికీలోంచి మూడు వందలమందిని పిలిచిన రోజుల్లో ఎలా ఉందో అలాగే ఉంది.

సంధ్యారాణి ఈయన్ని చూసింది, ఆయన్ని చూసింది. తాత కళ్లద్దాలు ఇంకా జేబులోనే ఉన్నాయి. వాటిని కూడా చూసింది. ఫోన్ మళ్లీ ముందుకు పట్టుకుని, "ఆ నాలుగు పేజీలు ఇంకోసారి చెప్పు తాతా," అంది. "మా పిల్లలకు గవ్వే నచ్చుతయ్." ఈసారి చదువు అనలేదు, చెప్పు అంది. పోశం చెప్పాడు. పుస్తకం మూసే చెప్పాడు.

అంతా అయ్యాక మస్టరు వేయడానికి లింగమూర్తి పెన్ను తీశాడు. ఎప్పుడూ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని రాసుకునేవాడు. ఇవాళ అది పోశం చేతిలో ఉంది. పోశం వెనక అట్ట తెరిచాడు. తారీఖులు, టిక్కులు. ప్రతి తారీఖు పక్కనా ఒకే అంకె, పై నుంచి కిందిదాకా: 3172.

అక్షరాలు తెలియకపోవచ్చు గానీ ఆ అంకె ఆయనకు తెలుసు. ముప్పై నాలుగేళ్లు మెడలో బిళ్ల మీద మోసిన అంకె అది.

"లింగన్న, ఇది నా నంబరు గద."

"మరెవరిదనుకున్నవ్? బుక్కుకు మస్టరు వేస్తరా ఎవరన్న? పిచ్చోని లెక్క."

పోశం వేలు ఆ వరుస మీద మెల్లగా కిందికి జారింది. రామగిరిలో వాన పడి ఇద్దరూ ఒకే గొడుగు కింద తడిసిన రోజు, సారవ్వకు జ్వరం వచ్చి సర్వపిండి లేకుండా వెళ్లిన రోజు, ఏదీ తప్పలేదు.

"బీరువల ఉన్న బుక్కులన్నిట్ల ఉన్నయ్ నీయి," అన్నాడు లింగమూర్తి, నీళ్ల వైపు చూస్తూ. "అన్ని గలిపి నూట డెబ్బయ్యారు. బాయి పనికి నూట తొంభై నిండాలె. ఇంక పద్నాలుగు తక్కువున్నయ్. అప్పటిదాంక నువ్వు బదిలీవే, రాక తప్పది."

పోశం వేళ్ల మీద లెక్క వేశాడు. ఇన్నేళ్లకు మొదటిసారి గుమాస్తా లెక్కలో ఒక తప్పు ఆయన కంటపడింది.

"అన్ని ఆదివారాలే గద లింగన్న. ఆదివారం డ్యూటీ అంటే ప్లేడే, సెలవునాడు చేసిన పని. ప్లేడేకు డబల్ కట్టియ్యాలె. గట్ల జూస్తె నేను పర్మినెంటయి ఎన్ని దినాలాయె?"

ముప్పై మూడేళ్ల సర్వీసులో లింగమూర్తిని మస్టరు విషయంలో ఎదురడిగినవాడు లేడు. ఆయన ఒళ్లో ఉన్న తువ్వాల తీసి మెడకు మళ్లీ జాగ్రత్తగా చుట్టుకున్నాడు. గొంతు చూపించి, చెయ్యి ఊపాడు.