మొదటి బల్ల ఆవిడ

సూక్ష్మ అర్థశాస్త్రం తరగతికి అందరికంటే ముందు వచ్చేది ఆ దర్జీ ఆవిడే. నలభై ఆరేళ్ల మనిషి, భుజం దగ్గర ఎప్పుడూ రెండు గుండుసూదులు. మొదటి బల్లలో కూర్చుని, అర్థం కాకపోయినా పొల్లుపోకుండా రాసుకుంటుంది. అదే తరగతిలో చదివే కూతురు మాత్రం ఎవరో ఏమో అన్నట్టు వెనక బల్లలో ఉంటుంది. తల్లి ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ రోజు మేష్టారు బోర్డు మీద సమాన తృప్తి రేఖలు, అంటే ఒక్కో తృప్తి స్థాయికి ఒక్కో వంపు గీత, గీయమంటే ఎవరూ లేవలేదు. ఆవిడే లేచి, గుడ్డ మీద చంక వంపు గీసినట్టు ఒక్క ఊపులో రెండు గీసింది.

"ఇవి ఒకదాన్నొకటి ఎందుకు ఖండించుకోవమ్మా?" అన్నారు మేష్టారు.

"ఒకే చోటికి రెండు కొలతలు ఎలా కుదురుతాయండీ?"

మేష్టారు నవ్వి తలూపారు.

"భలే చెప్పిందే ఈవిడ!" అని వెనకెవరో అన్నారు.

"మా అమ్మ" అంది కూతురు, తరగతంతా వినబడేలా.

ఆవిడ అటు తిరగలేక, సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపే చూస్తూ నిలబడిపోయింది.